ఉద్వాసన

మా ఆఫీసుల్లో ‘ఉద్వాసన’ అనే మాటకి ఒక్కటే అర్థం. ఫలానా కంపెనీ ఇన్ని వందల మందికి ఉద్వాసన పలికింది అని పేపర్లో వస్తుంది. ఆ లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. అందరం ఓ పూట బెంగపడి మళ్ళీ స్టాండప్ మీటింగుకి వెళ్ళిపోతాం. మా అమ్మమ్మకి మాత్రం ఆ మాటంటే భయం ఉండేది కాదు. వినాయక చవితికి ఆవాహన చేసి పిలిచిన దేవుడికి, ఇక తమరు బయల్దేరవచ్చు అని చెప్పి, విగ్రహాన్ని కాస్త కదిపి పక్కకి జరపడం ఉద్వాసన. అది చెప్పకుండా బొమ్మని తీసుకెళ్ళి చెరువులో వెయ్యకూడదు. పిలిచినవాళ్ళే పంపించాలి, మర్యాదగా పంపించాలి అనే అర్థమున్న మాట, ఉద్యోగం పీకెయ్యడానికి ముద్దుపేరుగా ఎప్పుడు మారిందో గానీ, 2019లో ఏడు నెలలపాటు నేను చేసిన పని సరిగ్గా ఆ రెండు అర్థాల మధ్యలో ఉంది.

మాది సర్వీసు కంపెనీ. క్లయింటు అమెరికాలో ఓ మోస్తరు బీమా సంస్థ. ఇళ్ళకీ కార్లకీ బీమా ఇస్తుంది. ప్రమాదం జరిగాక జనం పెట్టుకునే క్లెయిములన్నీ నడిచే సాఫ్ట్‌వేరు పదకొండేళ్ళుగా హైదరాబాదులో మా ఫ్లోర్ మీద తయారవుతూ, మరమ్మతులవుతూ ఉండేది. ఆ ఏడాది వాళ్ళు బజార్లో దొరికే రెడీమేడ్ ప్యాకేజీ ఒకటి కొనుక్కున్నారు. కొత్తది వేరే వెండరు పెడతాడు, పాతది మేం మూసెయ్యాలి. టీములో ముప్ఫై ఎనిమిది మందిమి. అందులో పదకొండు మంది కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళు. మా మేనేజరు నన్ను పిలిచి, “నువ్వు రాస్తావు కదా, క్లోజర్ ప్లాన్ నువ్వు చూడు” అన్నాడు. తెలుగులో నవలల మీద వ్యాసాలు రాసుకునేవాడు ఇంగ్లీషులో సర్వర్లు ఎలా ఆపాలో రాయగలడని అతని నమ్మకం. ఇంకెవరికీ ఆ పని అక్కర్లేదన్నది అసలు కారణం.

ఎందుకు అక్కర్లేదో తెలిసిందే. మొదలుపెట్టిన పని రెజ్యూమెలో బాగుంటుంది. ‘ఫలానా వ్యవస్థని మొదటినుంచీ కట్టాను’ అని రాసుకోవచ్చు. ‘ఫలానా వ్యవస్థని జాగ్రత్తగా ఆపాను’ అని రాస్తే ఇంటర్వ్యూ చేసేవాడు నవ్వుతాడు. ప్రాజెక్టు మొదలైన రోజు కేకు కోస్తారు, టీషర్టులు పంచుతారు, ఏదో గ్రీకు దేవత పేరు పెడతారు. అయిపోయే నాటికి ఆ టీషర్టులు బండి తుడుచుకునే గుడ్డలైపోయి ఉంటాయి. ప్రాజెక్టు మేనేజ్‌మెంటుకి పెద్దబాలశిక్షలాంటి పీఎంబాక్ గైడు ఒకటుంది. 2017లో వచ్చిన ఆరో కూర్పులో మొత్తం 49 ప్రక్రియలు చెప్పారు. వాటిలో ప్లానింగువి 24. ముగింపుకి సంబంధించింది ఒక్కటి. ఒకే ఒక్కటి. పుస్తకాల మీద రాసేవాళ్ళం మేమూ అంతే అనుకోండి. ఎత్తుగడ గురించి రెండు పేరాలు రాస్తాం, పాత్రల గురించి నాలుగు రాస్తాం, ముగింపు దగ్గరికొచ్చేసరికి ‘చదివి తెలుసుకోండి’ అని తప్పుకుంటాం.

ముగింపులో మొట్టమొదటి చిక్కు, అది ముగిసిందని ఎవరు చెప్పాలన్నది. వినడానికి తేలిక. కాంట్రాక్టులో ఏమేం ఇస్తామని రాశామో అవన్నీ ఇచ్చాక క్లయింటు సంతకం పెట్టాలి, చివరి బిల్లు రావాలి. కానీ పదకొండేళ్ళ ప్రాజెక్టులో ఆ కాంట్రాక్టు మీద ఎన్ని సవరణలు వచ్చి పడ్డాయో లెక్కలేదు. ‘పని పూర్తయింది’ అంటే ఏమిటో మొదటి రోజుల్లో, ఇంకా అందరూ నవ్వుతూ మాట్లాడుకుంటున్నప్పుడు రాసుకోవాలి. చివర్లో రాసుకోవడానికి కూర్చుంటే అది బేరం అవుతుంది. మాకు ఆ బేరానికే ఆరు వారాలు పట్టింది. మా ‘పూర్తయింది’కి చివరికి వచ్చిన అర్థం ఇది: కొత్త వ్యవస్థలోకి తెరిచివున్న క్లెయిములన్నీ చేరాలి, మూసిన క్లెయిములన్నీ చదవగలిగే రూపంలో భద్రమవ్వాలి, పాత సర్వర్లు ఆపినాక ముప్ఫై రోజులు ఎవరూ వాటికోసం అడగకూడదు.

తెరిచివున్న బగ్గులు నూట నలభై పైచిలుకు మిగిలాయి. మూసేసే వ్యవస్థలో బగ్గుల్ని ఏం చేస్తాం? ఒక్కొక్కటీ తెరిచి చూసి, అవసరమైతే కొత్త వెండరుకి చెప్పి, లేకపోతే ‘ఇక సరిచెయ్యం’ అని గుర్తుపెట్టి మూసెయ్యడం. యాంత్రికంగా అరపూటలో అయిపోవాల్సిన పని. నేను వాటన్నిటినీ చదివాను. అదో పాత ఉత్తరాల కట్టలాంటిది. అమెరికాలో ఒక క్లెయిముల గుమస్తా ఒకే బగ్గుని అయిదేళ్ళలో నాలుగుసార్లు రిపోర్టు చేసింది. క్లెయిముదారు ఇంటిపేరులో ఇన్వర్టెడ్ కామా లాంటి గుర్తు ఉంటే ఆ స్క్రీను పేరుని సగంలో తెంపేస్తుంది. మొదటిసారి ఒక పేరా రాసింది. రెండోసారి బొమ్మ జతచేసింది. మూడోసారి రెండు వాక్యాలు. నాలుగోసారి ‘ఇంకా అలాగే ఉంది’ అన్న అర్థం వచ్చే మూడు ముక్కలు. నాలుగుసార్లూ మావైపునుంచి ‘ప్రాధాన్యం తక్కువ’ అని సమాధానం వెళ్ళింది. మా టీములో రెండేళ్ళ అనుభవం ఉన్న కుర్రాడికి అది చూపించాను, సరదాకి. వాడు ఒక శుక్రవారం సాయంత్రం కూర్చుని దాన్ని సరిచేసేశాడు. అప్పటికి ఆ స్క్రీనుకి పదకొండు వారాల ఆయుష్షు మిగిలుంది. “మూసేసే దుకాణానికి సున్నం వేస్తారా ఎవరైనా?” అని మేనేజరు విసుక్కున్నాడు గానీ, ఆ మార్పు ప్రొడక్షన్లోకి వెళ్ళడానికి సంతకం పెట్టాడు. ఆవిడ ఏమైనా రాసిందా అని ఆ కుర్రాడు నన్ను రెండు మూడుసార్లు అడిగాడు. ఏమీ రాయలేదు. బహుశా గమనించి కూడా ఉండదు. పని చేసే వస్తువు ఎవరి కంటా పడదు.

ఇక సర్వర్లు. ఎన్ని ఉన్నాయో లిస్టు ఉంది. ఆ లిస్టులో లేనివి కూడా ఉన్నాయని అందరికీ తెలుసు. వాటిని ఎలా కనిపెట్టడం? మా వృత్తిలో దీనికో మొరటు పద్ధతి ఉంది. తెలుగులో కేక పరీక్ష అనుకుందాం. అనుమానమున్న సర్వరుని ఆపేసి, ఎవరు కేక పెడతారా అని చూడటం. ఎవరూ అరవకపోతే అది చచ్చినట్టు లెక్క. కానీ ఎన్నాళ్ళు ఆగాలి? రోజూ నడిచే పని తెల్లారేసరికి అరుస్తుంది. నెలకోసారి నడిచేది నెలాఖరుకి అరుస్తుంది. మేం ఒకదాన్ని ఆపి ఇరవై రోజులు నిశ్శబ్దంగా ఉందని సంబరపడ్డాం. ఇరవై మూడో రోజున కేక వినిపించింది, క్లయింటు ఆఫీసులో అకౌంట్ల విభాగం నుంచి. మూడు నెలలకోసారి ఒకాయన ఆ సర్వరు నుంచి ఒక ఫైలు తీసుకుంటాడట. ఆ సంగతి ఏ డాక్యుమెంటులోనూ లేదు. సర్వరుని ఆపామే గానీ తుడిచెయ్యలేదు కాబట్టి గంటలో మళ్ళీ లేపి ఇచ్చాం. అందుకే ఆపడానికీ తీసెయ్యడానికీ మధ్య కనీసం ఒక త్రైమాసికం దాటాలని ప్లానులో రాసుకున్నాం. ఇలాంటివి ఏ పుస్తకంలోనూ చదివి కాదు, ముందు తరంవాళ్ళు పడ్డ పాట్లు విని నేర్చుకునేవే.

సగం మూసి వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి నా దగ్గర ఎప్పుడూ ఒక ఉదాహరణ ఉంటుంది. అమెరికాలో నైట్ క్యాపిటల్ అని షేర్ల వ్యాపారం చేసే సంస్థ ఉండేది. వాళ్ళ ప్రోగ్రాములో ఒక పాత సదుపాయాన్ని 2003లో వాడటం మానేశారు. మానేశారు గానీ తీసెయ్యలేదు. కోడు అలాగే నిద్రపోతూ ఉంది. తొమ్మిదేళ్ళ తర్వాత కొత్త పని కోసం, ఆ పాత కోడుని మేలుకొలిపే గుర్తునే మళ్ళీ వాడుకున్నారు. కొత్త కోడు ఎనిమిది సర్వర్లలో పెట్టాలి. ఒకదాన్ని మర్చిపోయారు. 2012 ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదోదానిలో పాత కోడు లేచి, అడ్డూ అదుపూ లేకుండా కొనడం అమ్మడం మొదలుపెట్టింది. సుమారు 45 నిమిషాలు. నష్టం 440 మిలియన్ డాలర్లకి పైనే. మరుసటి ఏడాదికల్లా ఆ సంస్థ ఇంకొకదానిలో కలిసిపోయింది. ఈ కథని అందరూ కొత్త కోడు పెట్టడంలో జాగ్రత్తలకి ఉదాహరణగా చెప్తారు. నాకది ఉద్వాసన చెప్పని దేవుడి కథలా వినిపిస్తుంది. పీఠం మీద అలాగే కూర్చునున్నాడు, ఎవరో మళ్ళీ గంట కొట్టారు.

యంత్రాల సంగతి ఇలా ఉంటే, వాటిలో దాచింది ఏం కావాలన్నది ఇంకో పెద్ద పని. క్లెయిముల రికార్డులు చట్టం అడిగినన్నేళ్ళు ఉంచాలి. పాత డేటాబేసుని యథాతథంగా ఓ మూల ఉంచేద్దాం అన్నారు కొందరు. దానికి ఏటేటా లైసెన్సు కట్టాలి. పైగా కొన్నేళ్ళకి దాన్ని తెరిచే మనిషీ ఉండడు, తెరిచే సాఫ్ట్‌వేరూ ఉండదు. పాత తాళం ఉంటేనే తెరుచుకునే పెట్టెని భద్రపరచడం అనరు. మేం అంతా మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా, ఉత్తరాలైతే పీడీఎఫ్‌లుగా మార్చి, ఏ ఫైల్లో ఏ గడి అంటే ఏమిటో పక్కనే రాసి పెట్టాం. తర్వాత చీటీలు తీసినట్టు కొన్ని క్లెయిములు ఎంచి, మా వ్యవస్థ తెలియని వేరే టీమువాళ్ళని పిలిచి, వీటి కథేమిటో ఈ ఫైళ్ళు చూసి చెప్పండి అన్నాం. చెప్పగలిగిన రోజునే ఆ పని అయిందని గుర్తుపెట్టాం.

మేం ఈ గొడవలో ఉండగానే, ఆ అక్టోబరులో యాహూ ఒక ప్రకటన చేసింది. యాహూ గ్రూపుల్లో ఏళ్ళతరబడి పోగుపడిందంతా డిసెంబరు 14న తుడిచేస్తాం, కావలసినవాళ్ళు ఈలోగా తీసుకోండి అని. సుమారు రెండు నెలల గడువు. గోల అయ్యాక దాన్ని 2020 జనవరి 31కి పొడిగించారు. అమెరికా బీమా కంపెనీ రికార్డుల కోసం అంత శ్రద్ధగా పనిచేస్తున్న నాకు, మనవాళ్ళ సంగతి ఠక్కున గుర్తొచ్చింది. ఇంటర్నెట్‌లో తెలుగు సాహిత్యం మీద తొలితరం చర్చలు చాలా ‘రచ్చబండ’ అనే యాహూ గుంపులో జరిగాయి. నేను ఇంజనీరింగులో ఉండగా హాస్టలు లాబులో కూర్చుని, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగుని కూడబలుక్కుంటూ వాటిని చదివేవాణ్ణి. ఛందస్సు గురించి అంత వేడిగా కొట్టుకోవచ్చని నాకు అక్కడే తెలిసింది. అలాంటి చోటుకి అన్నేళ్ళు అద్దె లేకుండా నీడనిచ్చినవాడు, వెళ్ళిపోయే ముందు తలుపులు తీసి పెట్టి కాస్త ఎక్కువ వ్యవధి ఇవ్వాల్సింది. ఆర్కుట్ ఈ విషయంలో నయం. 2014 సెప్టెంబరు 30న మూసేస్తామని మూడు నెలల ముందు చెప్పింది. మన స్క్రాపులూ ఫొటోలూ తీసుకోవడానికి ఆ తర్వాత రెండేళ్ళు, 2016 దాకా దారి తెరిచి ఉంచింది. మా తరం ఆర్కుట్ టెస్టిమోనియల్స్ చదివితే ఇప్పుడు సిగ్గేస్తుందనుకోండి, అది వేరే విషయం. సిగ్గుపడే అవకాశమైనా ఇచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు. మా ప్లానులో ‘కేటీ’ అని ఒకే ఒక్క వరసలో రాసిపెట్టిన పని ఒక ఎత్తు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అన్నమాట. తెలిసినవాడు తెలియనివాడికి చెప్పి వెళ్ళడం. తెలుగులో చక్కగా అప్పగింతలు అనొచ్చు. మా టీములో అందరం ‘సార్’ అని పిలిచే పెద్దాయన ఒకరుండేవారు. కోబాల్ రోజుల నుంచి ఉన్నవారు, యాభై ఎనిమిదేళ్ళు. రిటైర్మెంటు ఎలాగూ దగ్గర్లోనే ఉంది. ఈ ప్రాజెక్టు మొదటి వారం నుంచీ ఉన్న మనిషి ఆయనొక్కరే. ఆయన్ని కూర్చోబెట్టి వారం రోజులు స్క్రీను రికార్డు చేస్తే సరిపోతుందని ప్లానులో ఉంది. రెండో రోజుకే తెలిసిపోయింది, అది జరిగే పని కాదని. ఆయన ఏ ప్రోగ్రాము ఏం చేస్తుందో శ్రద్ధగా చెప్పుకుపోతున్నారు. ఏం చేస్తుందో కోడు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఎందుకు అలా చేస్తుందన్నదే కోడులో ఉండదు.

ఉదాహరణకి ఒకటి. క్లెయిముదార్లకి వెళ్ళే ఉత్తరాలు అచ్చయ్యే ప్రోగ్రాములో, ఒకే ఒక్క రాష్ట్రానికి శుక్రవారం సాయంత్రం తయారైన ఉత్తరాల మీద తేదీ సోమవారంది పడుతుంది. చూసినవాడెవడైనా అది తప్పే అనుకుంటాడు. పైన ‘దీన్ని తీసెయ్యవద్దు’ అని ఒక్క ముక్క ఉంది, కారణం లేదు. రెండుసార్లు ఎవరో కొత్తవాళ్ళు దాన్ని ‘సరిచేశారు’ కూడా, మళ్ళీ వెనక్కి పెట్టించారు. ఎందుకు సార్ అని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి చెప్పారు. ఆ రాష్ట్రంలో జవాబివ్వాల్సిన గడువు ఉత్తరం మీద తేదీ నుంచి లెక్కేస్తారు. అచ్చువేసే కంపెనీ శని ఆదివారాలు పోస్టు చెయ్యదు. శుక్రవారం తేదీ వేస్తే, ఇల్లు కాలిపోయో కారు పోయో ఉన్న మనిషికి ఉత్తరం చేరకముందే మూడు రోజుల గడువు తగ్గిపోతుంది. ఒకావిడ అలా ఒక్క రోజు తేడాతో క్లెయిము పోగొట్టుకుందట. ఆవిడ ఫిర్యాదు చేసింది, క్లయింటు డబ్బు కట్టింది, ఆ రాత్రే సార్ ఆ మూడు వరసలూ రాశారు. “ఇది ఎక్కడా రాయలేదా సార్?” అంటే, “మెయిల్లో ఉందిరా, ఆ మెయిల్ సర్వరు మారిపోయింది” అన్నారు.

ఆ రోజునుంచి కేటీ పద్ధతి మార్చేశాం. ఆయన చెప్పడం, మేం రాసుకోవడం కాదు. మేమే కోడులో వింతగా కనిపించిన ప్రతి చోటా వేలు పెట్టి ఎందుకు అని అడగడం. అలా ‘ఎందుకు’ అనే పేరుతోనే ఒక డాక్యుమెంటు తయారైంది. అరవై నాలుగు అంశాలు. ప్రతిదాని కిందా కారణం, అది ఎవరికి గుర్తుంది, ఆ కారణం ఇప్పటికీ నిలుస్తుందా. తర్వాత కొత్త వెండరు మనుషుల్ని కాల్‌లోకి పిలిచి తిరగేసి అడిగాం. మేం మాట్లాడకుండా కూర్చుంటాం, మీరు మా వ్యవస్థని మాకు వివరించండి అని. తీసుకున్నవాడు తిరిగి చెప్పగలిగేదాకా ఇచ్చినట్టు కాదు. వాళ్ళకి మొదట్లో చిరాకుగా ఉండింది. నాలుగో వారంలో వాళ్ళే ఎందుకు అని అడగడం మొదలుపెట్టారు.

ఈ పని చేస్తున్నన్ని రోజులూ నాకు ఆంధ్రమహాభారతం గుర్తొస్తూ ఉండేది. మనకి తెలిసిన అతి పెద్ద అర్ధాంతరపు ప్రాజెక్టు అదే కదా. పదకొండో శతాబ్దంలో నన్నయ రాజమహేంద్రవరంలో మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన పదమూడో శతాబ్దంలో వచ్చి, ఆ మిగిలిన ముక్క ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని చివరిదాకా పూర్తిచేశాడు. ఎందుకు వదిలేశాడన్నదానికి కథలు చాలా ఉన్నాయి. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వచ్చి ఆ ఖాళీ నింపాడు. నన్నయ ధోరణిలో మొదలుపెట్టి, మెల్లగా తిక్కన ధోరణిలోకి తెచ్చి వదిలాడని పండితులు మెచ్చుకుంటారు. అతుకు కనబడదు. అంతేకాదు, తను రాసిన భాగాన్ని తన ప్రభువుకి కాక, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు, నన్నయే రాసినట్టు. వేరొకరి కోడులో పనిచేసిన ప్రతివాడూ ఎర్రనకి ఒక దణ్ణం పెట్టుకోవాలి. మేమైతే వచ్చీ రాగానే పాతవాడి పేరు తీసేసి మా పేరు పెడతాం. ఒక్క మాట మాత్రం ఉంది. నన్నయ ఏ అప్పగింతలూ లేకుండా వెళ్ళిపోయినా పని సాగిందంటే, స్పెసిఫికేషన్ సంస్కృతంలో పూర్తిగా ఉంది కాబట్టి. మాకు వ్యాసుడు లేడు. సార్ ఒక్కరే ఉన్నారు.

ఇంతవరకూ రాసిందంతా క్లోజర్ ప్లాన్లో బయటికి చూపించే భాగం. లోపల ఇంకో షీటు ఉంది. దాని పేరు రాంప్‌డౌన్. ఏ నెలలో ఎంతమంది తగ్గాలో ఉంటుంది. పేర్లుండవు, ఆర్-1, ఆర్-2 అని ఉంటాయి. ఆర్ అంటే రిసోర్సు. కంపెనీ ఉద్యోగులకి పరవాలేదు, బెంచి మీద కూర్చుంటారు, ఇంకో ప్రాజెక్టు వెతుక్కుంటారు. కాంట్రాక్టు పదకొండు మందికి ఆ షీటులో తేదీ దాటితే మర్నాడు గేటు దగ్గర కార్డు పనిచెయ్యదు. షీటు నా దగ్గరుంది. వాళ్ళతో కలిసి రోజూ భోజనం చేస్తున్నాను. అందులో ఒకమ్మాయి నాలుగేళ్ళుగా మా టెస్టింగు మొత్తం నడిపిస్తోంది, నల్గొండ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటుంది. “అన్నా, జూలైలో ఫ్లాటుకి అడ్వాన్సు కట్టొచ్చా, అమ్మావాళ్ళని తెచ్చుకుందామనుకుంటున్నా” అని ఒకరోజు లిఫ్టులో అడిగింది. ఆ అమ్మాయి వరసకి ఎదురుగా షీటులో ఆగస్టు అని ఉంది.

వాళ్ళకి ఇప్పుడే చెప్పేద్దాం అన్నాను మేనేజరుతో.

“చెప్తే రేపే పేపర్లు పెట్టేస్తారు బాస్. మన పని మధ్యలో ఆగిపోతుంది.”

మాటలతో ఒప్పించలేనని తెలుసు. ప్లానే మార్చి తీసుకెళ్ళాను. మొదట వెళ్ళాల్సినవాళ్ళ అప్పగింతలు మొదట పెట్టాను. వాళ్ళకి తెలిసినదంతా జూన్ నెలాఖరుకల్లా ఇంకొకరి చేతికి వచ్చేస్తుంది. ఆ తర్వాత వాళ్ళు ముందుగా వెళ్ళిపోయినా పని ఆగదు. అప్పుడిక వాళ్ళనుంచి దాచాల్సిన అవసరమే లేదు. అతను షీటు వంక చాలాసేపు చూసి, పైవాళ్ళతో మాట్లాడి, మూడు రోజుల తర్వాత పదకొండు మందినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టుకుని ఎవరి తేదీ వాళ్ళకి చెప్పాడు. అది అతను చెయ్యక్కర్లేదు, వాళ్ళని పంపిన ఏజెన్సీ మెయిల్ పెడితే సరిపోయేది. మొహం చూసి చెప్పాడు. ఆ విషయంలో నాకు అతనంటే ఇప్పటికీ గౌరవం.

నలుగురు ముందే వేరే ఉద్యోగాలు చూసుకుని వెళ్ళారు. పని ఆగలేదు. ఇద్దరు మా కంపెనీలోనే ఇంకో ప్రాజెక్టుకి మారారు. మిగతావాళ్ళు తేదీ దాకా ఉన్నారు, చివరి వారం కూడా మామూలుగానే పనిచేశారు. మనుషులకి తేదీ తెలిస్తే పని చెయ్యరనే నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో నాకర్థం కాదు. తేదీ తెలియకుండా పుకార్లు వింటూ ఉన్నవాడు సగం రోజు నౌకరీ డాట్ కామ్‌లోనే ఉంటాడు. ఆ అమ్మాయి ఫ్లాటు అడ్వాన్సు కట్టలేదు. సెప్టెంబరులో బెంగుళూరులో చేరింది.

చివర్లో క్లోజర్ రిపోర్టు. పాఠాలు అనే విభాగంలో అందరూ రాసే ‘కమ్యూనికేషన్ ఇంకా మెరుగుపడాలి’ మేమూ రాశాం. పదకొండేళ్ళ పాఠాలు ఆఖరి శుక్రవారం గంటన్నర మీటింగులో ఎవడికి గుర్తొస్తాయి? ఆ పేజీ మీద నాకు నమ్మకం లేదు, దాని మీద టైము కూడా పెట్టలేదు. గొడవపడింది వేరే పేజీ కోసం. ప్రాజెక్టులో పనిచేసినవాళ్ళ జాబితా ఉంటుంది. ఆ ఫారంలో ఎంప్లాయీ నంబరు వేస్తేనే పేరు ఎక్కుతుంది. కాంట్రాక్టు వాళ్ళ నంబర్లు వేరే అక్షరంతో మొదలవుతాయి, ఫారం తీసుకోదు. పదకొండేళ్ళలో అలా వచ్చి వెళ్ళినవాళ్ళని పాత మెయిళ్ళలోంచి, కోడు మార్పుల చరిత్రలోంచి వెతికితే అరవై ఒక్క పేర్లు తేలాయి. అనుబంధం అని ఒక పేజీ చేర్చి, ఒక్కొక్కరి ఎదురుగా ఏం చేశారో ఒక్క వాక్యం రాశాను. క్వాలిటీ వాళ్ళు ఆ పేజీ నమూనాలో లేదు కదా అన్నారు. నమూనాలో లేనివి పెట్టకూడదని ఎక్కడుందో చూపించమన్నాను. వెతికి, లేదని ఒప్పుకున్నారు. రిపోర్టు పైన ఆకుపచ్చ రంగు గుర్తు పడింది, స్థితి: విజయవంతం.

2021లో ఒకరోజు ఆ కొత్త వెండరు దగ్గర పనిచేసే ఇంజనీరు ఒకడు లింక్డిన్లో నాకు మెసేజి పెట్టాడు. ‘ఎందుకు’ డాక్యుమెంటులో ముప్ఫై ఏడో అంశం, శుక్రవారపు ఉత్తరాల సంగతి. అచ్చువేసే కంపెనీ మారుతోంది, ఆ నియమం ఉంచాలా తీసెయ్యాలా, దీన్ని రాసినాయనతో ఒకసారి మాట్లాడటం కుదురుతుందా అని అడిగాడు. సార్ అప్పటికి రిటైరై రాజమండ్రిలో ఉంటున్నారు. నంబరు ఇవ్వొచ్చా అని అడుగుదామని ఫోన్ చేశాను. విషయమంతా విని, “కొత్తవాళ్ళు శనివారం పోస్టు చేస్తారా?” అన్నారు.

తెలీదు సార్, కనుక్కుంటాను అన్నాను.

“అది ముందు కనుక్కో. తర్వాత నా నంబరివ్వు.”